కంపలోంచి కాలిబాట

రాయి తవ్వి వదిలేసిన గుట్టల మీద గురుగ్రామ్ జనం ఒక అడవిని మళ్లీ మొలిపించారు. అందులో నడవడానికి దారులు వేశారు. అదే అడవి మీదుగా హైవే వస్తుందన్నప్పుడు, ఆ దారుల్లో నడిచిన వాళ్లే అడ్డం నిలబడ్డారు.

పలుగు దిగదు. వేసిన ప్రతి పోటుకీ ఠంగుమని మోగుతుంది. బెత్తెడు ఎర్రమట్టి, దాని కింద అంతా రాయి.

కంపెనీ పేరు అచ్చేసిన టీషర్టుల్లో వచ్చిన కుర్రాళ్లు నాలుగు పోట్లకే చేతులు దులుపుకుని ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. రాత్రంతా వాన పడింది కదా, నేల మెత్తబడి ఉంటుందనుకుని వచ్చారు పాపం. తోటమాలి వచ్చి పలుగు అందుకుంటాడు. బలంగా పొడవడు. ముందు వంగి చూస్తాడు. రాతికీ రాతికీ మధ్య నెర్రె ఎక్కడుందో పట్టుకుని అక్కడ పోటు వేస్తాడు. పెళ్ల లేస్తుంది. పది నిమిషాల్లో గుంత తయారు. బడి నుంచి వచ్చిన పిల్ల ఒకతి నల్ల పాలిథిన్ కవరుని చీల్చి, వేళ్లకు పట్టిన మట్టి రాలకుండా రెండు చేతుల మీద మొక్కని దింపుతుంది. జానెడు మొక్క. పేరు ధౌ. ఎక్కడో కంపల వెనక నెమలి అరుస్తుంది. ఆ అరుపు ఆగకముందే మెట్రో రైలు రొద.

తొలకరి పడ్డాక గురుగ్రామ్‌లోని ఆరావళి బయోడైవర్సిటీ పార్కుకి ఏ ఆదివారం వెళ్లినా కంటపడే దృశ్యమిది. గురు ద్రోణాచార్య మెట్రో స్టేషన్ నుంచి ఆటో ఎక్కితే కాసేపట్లో గేటు దగ్గరుంటాం. ఒక పక్క అద్దాల మేడలు, కాల్ సెంటర్లు, మాల్స్. ఇంకో పక్క ఢిల్లీ సరిహద్దు. మధ్యలో సుమారు 380 ఎకరాల అడవి. పాతికేళ్ల కిందట ఇక్కడ అడవి లేదు. బ్లాస్టింగ్ చప్పుళ్లు, క్రషర్ల దుమ్ము, రాళ్ల లారీలు ఉండేవి.

వంద మీటర్ల గొడవ

ఆరావళి పేరు ఈమధ్య దేశమంతా వినిపించింది. 2025 నవంబరు 20న సుప్రీంకోర్టు ఒక నిర్వచనాన్ని ఆమోదించింది. చుట్టూ ఉన్న నేలకన్నా వంద మీటర్లు, ఆపైన ఎత్తున్న గుట్టలనే ఆరావళి కొండలుగా లెక్కించాలన్నది దాని సారాంశం. రాజస్థాన్‌లో, హర్యానాలో జనం వీధుల్లోకి వచ్చారు. వంద లోపు గుట్టలన్నీ క్వారీల పాలవుతాయన్నది వాళ్ల భయం. అలాంటిదేమీ జరగదని ప్రభుత్వం చెప్పింది. గొడవ ముదిరింది. డిసెంబరు 29న కోర్టే తన ఉత్తర్వును నిలిపి ఉంచి, మళ్లీ చూద్దామంది.

స్కూలు పుస్తకంలో మనం చదువుకున్న ఆరావళి గుజరాత్‌లో మొదలై రాజస్థాన్ మీదుగా ఢిల్లీ దాకా పోతుంది. ఏడువందల కిలోమీటర్లకు కాస్త తక్కువ. హిమాలయాలకన్నా ఎన్నో రెట్లు పాతది. మౌంట్ ఆబూ దగ్గర గురుశిఖరం 1,722 మీటర్లు. అక్కణ్ణుంచి ఉత్తరానికి వచ్చేకొద్దీ కొండలు కుంగుతూ కుంగుతూ, ఢిల్లీ చేరేసరికి గుట్టలూ దిబ్బలూ అయిపోతాయి. రాష్ట్రపతి భవన్ ఉన్న రైసీనా గుట్ట కూడా ఈ వరసలోదే. దాన్ని చూసి ఇది పర్వతమని ఎవరనుకుంటారు?

కానీ ఆ పొట్టి గుట్టల పగుళ్లలోంచే వాన నీరు భూమిలోకి ఇంకుతుంది. థార్ ఎడారి వైపు నుంచి వచ్చే దుమ్ముకి ఎంతో కొంత అడ్డు కూడా అవే. అడవి విస్తీర్ణంలో హర్యానాది దేశంలోనే అట్టడుగు స్థానం. రాష్ట్రం మొత్తం నేలలో నాలుగు శాతం కూడా లేదు. ఉన్న ఆ కాస్తలో పెద్ద భాగం ఈ గుట్టల మీదే.

కొండని కరిగించి కట్టిన ఊరు

గురుగ్రామ్ ఎలా పెరిగిందో తెలుగువాళ్లకి విడమరిచి చెప్పనక్కర్లేదు. మాదాపూర్, గచ్చిబౌలి పెరిగిన తీరు కళ్లతో చూసినవాళ్లమే. 1980ల దాకా ఆవపొలాలు, గోధుమ పొలాలు. తర్వాత ప్లాట్లు, తర్వాత టవర్లు. టవర్లకి కంకర కావాలి. కంకర పక్కనే ఉంది, గుట్టల రూపంలో.

2002లో ఢిల్లీ సరిహద్దు చుట్టుపక్కల తవ్వకాలు ఆపమని సుప్రీంకోర్టు ఆదేశించింది. 2009లో గుర్‌గావ్ (గురుగ్రామ్ పాత పేరు), ఫరీదాబాద్, మేవాత్ ప్రాంతాల ఆరావళి అంతటా ఆపమంది. క్రషర్లు వెళ్లిపోయాయి. వాళ్లు వదిలేసి వెళ్లిన గుంతలు, రాతి పొడి, నున్నగా కోసిన రాతి గోడలు మిగిలాయి. నాథూపూర్, చక్కర్‌పూర్, సికందర్‌పూర్ ఊళ్లకు ఆనుకుని ఉన్న ఆ నేల మీదికి మొదట వచ్చి వాలింది కంప. మేకలకీ తాగుబోతులకీ చెత్త లారీలకీ తప్ప అక్కడ ఇంకెవరికీ పని లేకుండా పోయింది.

2009లో ‘ఐయామ్ గుర్‌గావ్’ పేరుతో ఊరివాళ్లు కొందరు ఒక సంఘం పెట్టుకున్నారు. ముందుండి నడిపినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. వాళ్లలో ఒకరైన లతికా ఠుక్రాల్ పెద్ద బ్యాంకు ఉద్యోగం వదులుకుని ఈ పనిలోకి దిగారు. మున్సిపల్ కార్పొరేషన్ అప్పటికి పుట్టి ఏడాది. నేల కార్పొరేషన్‌ది, పూనిక జనానిది అన్న ఒప్పందం మీద పని మొదలైంది. 2010 జూన్ 5న, ప్రపంచ పర్యావరణ దినాన, పార్కుని ప్రారంభించారు. కంపెనీలు డబ్బిచ్చాయి, తమ ఉద్యోగులను మొక్కలు నాటడానికి పంపాయి. బడులు పిల్లల్ని పంపాయి.

అప్పటికి వాళ్ల నినాదం ‘పది లక్షల చెట్లు’. ఇలాంటి నినాదాలు మనకీ కొత్త కాదు. సంఖ్య చెప్పుకోవడానికి బావుంటుంది, ఫ్లెక్సీ మీద ఇంకా బావుంటుంది. ఏ చెట్లు అన్న ప్రశ్న మాత్రం అందులో ఉండదు.

ఇక్కడ ఏముండేది?

ఆ ప్రశ్న వేసినవాళ్లలో ముఖ్యుడు విజయ్ ధస్మానా. పాడైన నేలని మళ్లీ అడవిగా మార్చడమే ఆయన వృత్తి. నగరాల్లో పార్కు అనగానే మన బుర్రలో మెదిలేది పచ్చిక, పూల మడులు, అశోక చెట్లు, ఫౌంటెన్. ఆరావళి రాతినేల మీద అవి బతకవు. బతికించాలంటే ఏడాది పొడవునా ట్యాంకర్లతో నీళ్లు పోయాలి. నీళ్లే లేని ఊళ్లో అది పార్కు పేరుతో చేసే పాపం.

అసలీ గుట్టల మీద ఒకప్పుడు ఏ అడవి ఉండేది? జవాబు అరగంట దూరంలోనే ఉంది. గురుగ్రామ్, ఫరీదాబాద్ మధ్య లోయలో మాంగర్‌బనీ అనే అడవి ఉంది. గుర్జర్ల ఊళ్లు కొన్ని కలిసి దాన్ని గుదడియాదాస్ బాబా పేరున తరాలుగా కాపాడుకుంటున్నాయి. అక్కడ కొమ్మ విరవరు, పశువుల్ని తోలరు, ఎండుపుల్ల కూడా ఇంటికి తెచ్చుకోరు. చుట్టూ గుట్టలన్నీ బోడి అవుతున్నా ఆ లోయ ధౌ చెట్లతో పచ్చగా నిలిచింది. మన చెంచుల ప్రాంతంలోనో మన్యంలోనో దేవుడి తోపుల్ని చూసినవాళ్లకి ఈ సంగతి వింతగా ఉండదు. అడవిని మళ్లీ పెంచాలనుకునే వాళ్లకి ఆ బాబా దయవల్ల ఒక నమూనా దొరికింది.

మాంగర్‌బనీ నుంచి, రాజస్థాన్ వైపు ఆరావళి అడవుల నుంచి విత్తనాలు ఏరుకొచ్చారు. నర్సరీల్లో దొరకని మొక్కలివి. ఏ నర్సరీవాడూ ధౌ పెంచడు, కొనేవాడు లేడు గనక. సొంత నర్సరీ పెట్టుకోక తప్పలేదు. ధౌ గింజల్లో తాలు ఎక్కువ. దోసెడు చల్లితే నాలుగు మొలిస్తే గొప్ప. కుల్లు చెట్టు కాయలైతే నూగుతో నిండి ఉంటాయి, ముట్టుకుంటే చేతులు దురదెత్తిపోతాయి. అలాంటి కాయలు ఏరి, ఒలిచి, కవర్లలో మట్టి నింపి, మొలిచే దాకా ఎదురుచూడటం నెలల పని. నాటిన రోజు ఫొటోలు వస్తాయి. ఈ పనికి ఫొటో కూడా రాదు.

---

▐ బాక్స్: ఆరావళి చెట్లు, మన పేర్లు

అక్కడి హిందీ పేర్లు వింటే పరాయి చెట్లనిపిస్తాయి. చాలావరకు మనకు తెలిసినవే.

ఖేజ్డీ, జాండ్: మన జమ్మి. తెలంగాణ రాష్ట్ర వృక్షం.
ఢాక్: మోదుగ. విస్తరాకుల చెట్టు.
కుల్లు: తపసి. నల్లమలలో జిగురు తీసేది దీని నుంచే. తెల్లటి బెరడు వెన్నెల్లో మెరుస్తుంది.
సలై: అండుగు. బెరడు గీరితే సాంబ్రాణి వాసన.
రోంజ్: తెల్ల తుమ్మ.
దూధీ: అంకుడు. ఏటికొప్పాక లక్క బొమ్మలు చేసే కర్ర.
ధౌ: మన చిరుమానుకి దగ్గరి చుట్టం. మేకలు మేసేచోట నేలకి అంటుకుని చాపలా పరుచుకుంటుంది. మేత ఆగితే లేచి చెట్టవుతుంది.

---

ముందు పీకాలి

ఇక కంప సంగతి. అక్కడ దాన్ని విలాయతీ కీకర్ అంటారు. మన దగ్గర సర్కారు తుమ్మ, సీమ తుమ్మ, ఉత్త కంప. పేరు ఏదైనా ముల్లు ఒకటే. మా ఊళ్లో దొడ్డికి దడి కట్టింది దీంతోనే, పొయ్యిలోకి పోయింది ఇదే. చిన్నప్పుడు పాదంలో దిగిన ముల్లు లోపలే విరిగితే మా నాయనమ్మ జిల్లేడు పాలు చుక్క వేసి, “కదలకు నాయనా, రేపటికి అదే పైకొస్తుంది” అనేది. వచ్చేది. మడమ మీద మచ్చ మాత్రం ఇప్పటికీ ఉంది.

ఈ చెట్టుని కొట్టేయడం తేలిక, చంపడం కష్టం. నేలమట్టానికి నరికితే మొదలు చుట్టూ పది పిలకలు లేస్తాయి. మేకలు తీపి కాయలు తిని, గింజల్ని పెంటికల్లో ఊరంతా నాటి వస్తాయి. ఆకులు మాత్రం ముట్టవు. దాని నీడలో గడ్డి కూడా సరిగా మొలవదు. అందుకే మొదలుని వేరుతో సహా, నేల లోపల కాండం మొదలయ్యే గడ్డ దాకా తవ్వి తీయాలి. రాతినేలలో ఆ పని ఎంత కష్టమో ఊహించుకోండి.

దీనికి ఉపాయం ముందు జోధ్‌పూర్‌లో దొరికింది. మెహ్రాన్‌గఢ్ కోట కింద రాళ్ల దిబ్బని ఎడారి మొక్కల ఉద్యానంగా మార్చే పని 2006లో మొదలైంది. చేపట్టినది ప్రదీప్ క్రిషన్. ఒకప్పుడు సినిమా దర్శకుడు. తర్వాత చెట్ల మీద మనసు పడి, ఢిల్లీ చెట్ల మీద పుస్తకం రాసి, చివరికి అదే పనిగా పెట్టుకున్నాడు. రాతి పగుళ్లలో వేళ్లూనిన కంపని తీయడానికి ఆయన పడని పాట్లు లేవు. చివరికి పని చేసింది ఖండ్వాలియాలు. తరాలుగా జోధ్‌పూర్ రాయిని చేత్తో తీసే కులం వాళ్లు. ఉలి సుత్తి పట్టుకుని రాయి మీద టకటక కొడతారు, చెవి పెట్టి వింటారు. మోత బట్టి బండ ఎక్కడ గట్టి, ఎక్కడ డొల్ల, పగులు ఎటు పోయిందో చెప్పేస్తారు. కంప వేరు ఉన్నచోట బండని అడుగు లోతున చెక్కి గడ్డని ఊడబెరికారు. ఆ గుంతలే తర్వాత కొత్త మొక్కలకు కుండీలయ్యాయి. ఆ రావ్ జోధా పార్కు 2011లో జనానికి తెరిచారు.

ఢిల్లీలో ఇంకో పద్ధతి. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రొఫెసర్ సి.ఆర్. బాబు బృందం కంపని పీకదు. కొమ్మలు నరికి వెలుతురు కిందికి దిగేలా చేసి, ఆ సందుల్లో స్థానిక చెట్లు నాటుతుంది. అవి ఎదిగి పైన గొడుగు పట్టాక, ఎండ లేక కంప తనంతట తనే చిక్కిపోతుంది. (ఢిల్లీ వసంత్ విహార్ దగ్గర ఇదే ఆరావళి పేరుతో ఈ బృందం పెంచిన వేరే బయోడైవర్సిటీ పార్కు ఉంది. వెళ్లేవాళ్లు గురుగ్రామ్‌దీ ఢిల్లీదీ ఒకటే అనుకుని తికమక పడుతుంటారు.)

ఏది మంచి పద్ధతి అంటే, నేలని బట్టి, చేతిలో ఉన్న మనుషుల్ని బట్టి. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. కంప అంటే అందరికీ శత్రువు కాదు. మన మెట్ట ఊళ్లలో బొగ్గు కాల్చి బతికే కుటుంబాలున్నాయి, గ్యాస్ బండ అయిపోయిన వారం దాని పుల్లలతోనే గడిచే ఇళ్లున్నాయి. కంచె వేసి అడవి పెంచే ప్రతిచోటా మేకలు తోలుకొచ్చే వాళ్లు ఎక్కడికి పోవాలన్నది తేలని ప్రశ్నే. పట్నవాసపు చెట్ల ప్రేమికులు ఈ ప్రశ్న దగ్గర కాస్త తొందరగా చూపు తిప్పుకుంటారని నాకు అనిపిస్తుంది.

---

▐ బాక్స్: కడప నుంచే మొదలు

ఉత్తరాదిని ముంచేసిన ఈ కంపకి తెలుగు నేలతో పాత బంధం ఉంది. 1876లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి లెఫ్టినెంట్ కల్నల్ బెడ్డోమ్ ఈ విత్తనాలు తెప్పించమని ప్రభుత్వానికి రాశాడు. ధాత కరువు రోజులవి. జమైకా నుంచి వచ్చిన గింజల్ని 1877లో కడప జిల్లా కమలాపురంలో వేశారు. దేశంలో దీన్ని పద్ధతిగా పెంచిన తొలి తోటల్లో అదొకటి. చిత్రమేమిటంటే, దక్షిణాది అడవి చెట్ల మీద ఆ రోజుల్లో పెద్ద గ్రంథం రాసినవాడూ ఈ బెడ్డోమే. తర్వాత ఇంగ్లిషువాళ్లు కొత్త ఢిల్లీ కట్టేటప్పుడు అక్కడి గుట్టలూ దీంతోనే పచ్చబడ్డాయి. వృక్షశాస్త్రం లెక్కలో ఈ కంపనీ, మన జమ్మినీ చాలాకాలం ఒకే ప్రజాతిలో పెట్టారు. దసరాకి పూజ చేసే చెట్టూ, గొడ్డలి పట్టుకుని వెంటపడే చెట్టూ అన్నదమ్ముల బిడ్డలన్నమాట.

---

దారి ఎందుకు వేశారంటే

అడవిని పెంచాక చుట్టూ గోడ కట్టి తాళం వేయొచ్చు. మన దగ్గర చాలా అర్బన్ ఫారెస్ట్ బ్లాకుల గతి అదే. లోపల ఏముందో పక్క కాలనీవాళ్లకే తెలియదు. ఏళ్ల తర్వాత ఒకరోజు జేసీబీలు వచ్చినప్పుడు, అయ్యో అక్కడ అడవి ఉండేదా అంటారు.

గురుగ్రామ్‌లో అలా చేయలేదు. నడవడానికి కాలిబాటలు, సైకిళ్లకి వేరే దారులు వేశారు. బండ్లకి లోపల ప్రవేశం లేదు. దారులన్నీ నున్నగా టైల్స్ పరిచినవి కావు. చాలాచోట్ల మట్టీ, మొరమూ. గుట్ట ఎటు వంగితే దారీ అటే వంగుతుంది. వాన నీరు దారి మీద కాలువ కట్టకుండా అక్కడక్కడ రాళ్లు అడ్డం పేర్చి పక్కకు మళ్లిస్తారు. పాత క్వారీ గుంతల్లో ఒకదాన్ని మెట్లతో ఆరుబయలు వేదికగా మలిచారు. కొన్ని పల్లాల్లో వానాకాలం నీళ్లు నిలుస్తాయి, పిట్టలు దిగుతాయి.

పొద్దున్నే చూడాలి ఆ దారుల్ని. షుగరు లెక్కలు చెప్పుకుంటూ నడిచే పెద్దవాళ్లు, మెడలో బైనాక్యులర్లతో నిశ్శబ్దంగా కదిలే పిట్టలవాళ్లు, నాలుక బయటపెట్టి యజమానిని ఈడ్చుకెళ్లే కుక్కలు. పక్క ఊళ్ల పిల్లలు రేగుపళ్ల కోసం పొదల్లో దూరుతుంటారు. గురుగ్రామ్ కంపెనీల్లో మనవాళ్లకీ కొదవలేదు. “అదిగో పాలపిట్ట!” అని తెలుగులో వినపడితే ఉలిక్కిపడక్కర్లేదు.

2022 ఫిబ్రవరి నాటికి లెక్క చూసుకుంటే సుమారు 300 రకాల స్థానిక మొక్కలు, లక్షకు పైగా చెట్లు, 43 వేల పొదలు. పక్షులు 180 రకాలకు పైనే కనపడ్డాయి. నక్కలు, నీల్‌గాయ్‌లు, ఉడుములు, ముళ్లపందులు తిరుగుతున్నాయి. వీటిలో దేన్నీ ఎవరూ తెచ్చి వదల్లేదు. తినడానికి ఆకూ కాయా, దాక్కోవడానికి పొదా ఉంటే అవే వచ్చాయి.

---

▐ బాక్స్: దేశంలోనే మొదటి ‘ఓఈసీఎం’

2022 ఫిబ్రవరి 2న ఈ పార్కుకి దేశంలో తొలి ఓఈసీఎం (అదర్ ఎఫెక్టివ్ ఏరియా-బేస్డ్ కన్సర్వేషన్ మెజర్) గుర్తింపు వచ్చింది. నేషనల్ పార్కు, అభయారణ్యం లాంటి చట్టపు హోదా లేకపోయినా నిజంగా జీవజాతులకు ఆసరా అవుతున్న చోట్లని లెక్కలోకి తీసుకోవడానికి అంతర్జాతీయ జీవవైవిధ్య ఒప్పంద దేశాలు 2018లో ఒప్పుకున్న పద్ధతిది. గౌరవం గొప్పదే. కానీ గుర్తింపు వేరు, చట్టరక్షణ వేరు. ఈ బిరుదు చూపించి బుల్డోజరుని ఆపలేం.

---

హైవే వచ్చినప్పుడు

బుల్డోజరు రాదనుకోవడానికి లేదు. 2018-19లో ఢిల్లీ వసంత్ కుంజ్ వైపు ట్రాఫిక్ తేలిక చేయడానికి ఈ పార్కు మీదుగా ఆరు వరసల రోడ్డు వేయాలన్న ప్రతిపాదన వచ్చింది. మ్యాపులో చూస్తే నిజంగా అదే దగ్గర దారి. ఇళ్లు కూల్చనక్కర్లేదు, పరిహారం గొడవ లేదు. మ్యాపు గీసేవాళ్ల కంటికి అడవి ఎప్పుడూ ఖాళీ జాగాలాగే కనిపిస్తుంది.

కానీ అప్పటికి ఆ జాగాతో వేలమందికి చుట్టరికం కలిసింది. మొక్క నాటిన పిల్లలు కాలేజీకి వచ్చారు. తాము నాటింది ఏదో, ఎక్కడ ఉందో వాళ్లకి తెలుసు. మోకాళ్ల నొప్పులు తగ్గించుకున్న పెద్దవాళ్లు, పిట్టలవాళ్లు, ఉద్యోగుల్ని పంపిన కంపెనీలవాళ్లు అందరూ అట్టలు పట్టుకుని గేటు ముందుకొచ్చారు. చేయీ చేయీ కలిపి నిలబడ్డారు. సంతకాలు పెట్టారు, అధికారుల చుట్టూ తిరిగారు. పార్కు మీదుగా రోడ్డు రాలేదు.

రెండేళ్లకి ఇంకో గుబులు. పార్కు నిర్వహణని పదేళ్లకి ఒక పెద్ద కంపెనీకి అప్పగించే ఒప్పందం 2021లో జరిగితే, కట్టడాలూ హంగులూ వచ్చి అడవి కాస్తా షోకు పార్కు అయిపోతుందేమోనని జనం మళ్లీ నోరు విప్పారు. ఇలాంటి భయాలకి ముగింపు ఉండదు. దారి ఉన్నచోట దీపాలు కావాలనేవాళ్లు వస్తారు, దీపాలున్నచోట టీ బంకు కావాలనేవాళ్లు వస్తారు. అడవిని కాపాడిన దారే దాన్ని తినేయనూ వచ్చు. అందుకే అక్కడి పాతకాపులు రోడ్డుకి వద్దన్నంత గట్టిగానే అలంకారాలకీ వద్దంటారు. ఆ మొండితనం నాకు నచ్చింది.

కట్ట మీద కొత్త నడక

పార్కులో చేయి తిరిగాక ఆ సంఘం చూపు ఊరి నడిబొడ్డున ఉన్న చక్కర్‌పూర్-వజీరాబాద్ బంధ్ మీద పడింది. బంధ్ అంటే కట్ట. ఆరావళి మీద కురిసిన వాన ఊళ్లని ముంచకుండా, పొలాలకి నిలిచేలా ఇంగ్లిషువాళ్ల కాలంలో వేసిన మట్టికట్టలు గురుగ్రామ్‌లో చాలా ఉండేవి. పొలాలు ప్లాట్లయ్యాక వాటి అవసరం తీరిపోయిందనుకున్నారు. కొన్నిటి మీద రోడ్లు వేశారు, కొన్నిటిని చదును చేశారు. 2016 జులైలో ఒక సాయంత్రం వానకి ఊరు ఊరంతా గంటల తరబడి రోడ్ల మీదే ఇరుక్కుపోయినప్పుడు, నీళ్లు వెళ్లే దారులన్నీ ఏమయ్యాయని అందరూ అడిగారు.

ఈ కట్ట అయిదు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. కంపా చెత్తా పేరుకుపోయి, మురుగు కలుస్తూ ఉండేది. పక్క అపార్టుమెంట్లవాళ్లు కిటికీలు మూసుకునేవాళ్లు. ఇక్కడా అదే పని. టన్నుల కొద్దీ చెత్త, కూల్చిన ఇళ్ల శిథిలాలు ఎత్తారు. మురుగు మళ్లించారు. ఆరావళి మొక్కలు తెచ్చి నాటారు. కట్ట మీద నడకదారి, సైకిల్ దారి వేశారు. ఇప్పుడు బడిపిల్లలు ట్రాఫిక్కులో పడకుండా దీని మీదుగా వెళ్లొచ్చు. ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లు ఆటో ఖర్చు లేకుండా ఊరు దాటొచ్చు. పార్కుకి వ్యాయామం కోసం వెళతారు, కట్ట మీదికి పని మీద వస్తారు. నన్నడిగితే రెండోదే గట్టి విజయం.

మనకూ ఉన్నాయి ఇలాంటి గుట్టలు

హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు కూడా ఇంచుమించు ఇంతే విస్తీర్ణం. 2016లో ఫ్లైఓవర్ల కోసం దాని చుట్టూ చెట్లు కొడతారన్నప్పుడు మొదట రోడ్డెక్కింది రోజూ అక్కడ నడిచేవాళ్లే. 2025 మార్చి ఆఖర్లో కంచ గచ్చిబౌలిలో రాత్రికి రాత్రి జేసీబీలు దిగినప్పుడు అడ్డుపడింది ఆ చెట్ల మధ్య చదువుకుంటున్న విద్యార్థులు. నాలుగు వందల ఎకరాల్లో సుమారు వంద ఎకరాల పచ్చదనం పోయాక సుప్రీంకోర్టు ఏప్రిల్ 3న పని ఆపించింది, పోయినదాన్ని మళ్లీ ఎలా తెస్తారో చెప్పమంది. మళ్లీ తేవడం అంటే ఏమిటో తెలియాలంటే గురుగ్రామ్ వెళ్లి చూడాలి. పదిహేనేళ్లయినా ఆ చెట్లు ఇంకా కుర్రచెట్లే.

పొరపాట్లు చేయడంలోనూ మనం తీసిపోలేదు. తొందరగా పచ్చబడుతుందని ఊరూరా డివైడర్ల మీద కోనోకార్పస్ నాటాం. కొన్నేళ్లకే అది వద్దని తెలంగాణ ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. కమలాపురానికి కంప గింజలు తెప్పించిన దొర కూడా మంచికే చేశాననుకున్నాడు.

మీ ఊరి పక్కనా ఒక గుట్టో, చెరువు కట్టో, కంప కమ్మిన పోరంబోకో ఉండే ఉంటుంది. వచ్చే వానాకాలం అక్కడ మొక్కలు నాటాలని అనుకుంటుంటే గుంతలు తీయడం కాస్త ఆపండి. ఊళ్లో ఎనభై ఏళ్లు దాటిన తాతనో అవ్వనో వెంటబెట్టుకుని ఒకసారి ఆ గుట్ట దాకా నడవండి. కంప రాకముందు అక్కడ ఏ చెట్లుండేవో అడిగి, పేర్లు రాసుకోండి.